నోరు మూసుకోవడం భక్తి కాదు

ఆదివారం గుడిలో మనం ఎన్నిసార్లు "స్తోత్రం" అంటామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? పాటలో అంటాం, ప్రార్థనలో అంటాం, అయ్యగారి ప్రసంగంలో మాటకూ మాటకూ మధ్య అంటాం. అదే ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చాక, పొద్దున్నే లేచి కూర వండి, పిల్లల్ని తయారుచేసి, అందరికంటే వెనక గుడికొచ్చిన మనిషితో "మంచిగ జేసినవ్ బిడ్డా" అని ఎన్నిసార్లు అంటాం? ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూడండి. మన భక్తికి చిల్లు ఎక్కడ పడిందో తెలిసిపోతుంది.

నాకు ఎల్లారెడ్డి పుట్టిల్లు, కామారెడ్డి అత్తిల్లు. రెండు ఊళ్ళలోనూ స్త్రీల కూడికలకు పోతుంటాను. నాలుక గురించి ప్రసంగం వినకుండా ఏ ఏడాదీ గడవదు. ఆ ప్రసంగం ఎప్పుడూ ఒకే చోటికి వచ్చి ఆగుతుంది: "అమ్మా, నోరు అదుపులో పెట్టుకోండి." ఆమెన్ అంటాం, చాయ్ తాగుతాం, ఇంటికి పోతాం.

నా పేచీ అక్కడే. చెడ్డ మాట మానడమంటే నోరు మూసుకోవడమే అని మనకు నేర్పారు. వాక్యం అలా చెప్పడం లేదు. చెడ్డ మాట లేచిపోయిన పీట మీద కృతజ్ఞత మాట వచ్చి కూర్చోవాలని చెబుతోంది. ఆ కృతజ్ఞత పైనున్న దేవుడికి ఒక్కడికే చెప్పి, పక్కనున్న మనిషికి చెప్పకపోతే సగం పనే అయినట్టు. ఇక ఎదుటి మనిషి నోరు నొక్కడానికి వాడే కృతజ్ఞత అయితే అసలు కృతజ్ఞతే కాదు. ఈ మూడు మాటలూ ఒక్కొక్కటిగా చెబుతాను. కోపం వస్తే రానివ్వండి, చివరిదాకా మాత్రం చదవండి.

మురిగిన చేప

ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయం 29వ వచనం మనలో చాలామందికి కంఠతా వచ్చు. సండే స్కూల్లో పిల్లలకు కూడా నేర్పిస్తాం. అయితే మనకు గుర్తుండేది దుర్భాష వద్దన్న ముక్క ఒక్కటే. నిజానికి ఆ వచనంలో ఎక్కువ భాగం ఏం మాట్లాడాలో చెబుతుంది. వినేవాళ్ళకు మేలు చేసే మాట, మనిషిని నిలబెట్టే మాట, ఆ సమయానికి అవసరమైన మాట మాట్లాడమంటుంది. తరువాతి అధ్యాయం 4వ వచనంలో ఇంకా స్పష్టం. బూతులు, పోకిరీ మాటలు, వెకిలి సరసాలు మీకు తగవని చెప్పి, వాటి చోట కృతజ్ఞత పలకమంటుంది. రెండు చోట్లా తీసేయమన్నదానికి బదులు ఏం పెట్టాలో కూడా ఉంది. ఏమీ మాట్లాడకుండా ఊరుకోమని ఏ వచనంలోనూ లేదు.

మొదటి వచనంలో మన బైబిల్లో దుర్భాష అని ఉన్న చోట గ్రీకులో వాడిన మాటకు కుళ్ళినది, పనికిరానిది అని అర్థం. మత్తయి సువార్తలో వల లాగి ఒడ్డున కూర్చుని ఏరి పారేసే చేపలకు అదే మాట వాడారు. నిజాంసాగర్ చేపలు తెచ్చుకుని వండుకునే మనకు దీన్ని ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఒక్క చేప మురిగితే సంచీ మొత్తం కంపు కొడుతుంది. దాన్ని తీసి బయట పారేస్తాం, నిజమే. పారేసి చేతులు కడుక్కుని కూర్చుంటే పిల్లల పళ్ళెంలోకి కూర వస్తుందా? మంచి చేప తెచ్చి వండాలి. మన కూడికల్లో జరుగుతున్నది మురిగిన చేపను పారేయడం వరకే. పళ్ళెం ఖాళీగానే ఉంటోంది.

కొన్ని ఇళ్ళల్లో అరుపుల్లేవు, తిట్లు లేవు. చూసేవాళ్ళు "శాంతి గల కుటుంబం" అంటారు. లోపలికి పోయి చూస్తే ఆ ఇంట్లో మంచి మాట కూడా లేదు. "అన్నం పెట్టు", "కరెంటు బిల్లు కట్టినవా", "పిల్లగాడు వచ్చిండా" తప్ప రోజంతా ఇంకో మాట వినబడదు. ఆ ఇంటి ఇల్లాలికి తిట్టు తిన్న గాయం ఉండదు గానీ, ఇన్నేళ్ళు చేసిన చాకిరీ ఎవరికైనా కనబడిందో లేదో తెలియని దిగులు ఉంటుంది.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పది మంది కుష్టు రోగులు బాగుపడతారు. ఒక్కడు తిరిగి వస్తాడు, వాడూ సమరయుడు. మిగతా తొమ్మిది మంది చేసిన తప్పేమిటి? యేసును తిట్టలేదు, ఎగతాళి చేయలేదు, చాడీలు చెప్పలేదు. "నోరు అదుపులో పెట్టుకోండి" అన్న పరీక్ష పెడితే తొమ్మిది మందీ నూటికి నూరు మార్కులతో పాసవుతారు. వాళ్ళు ఏమీ అనలేదు, అంతే. ఆ ఏమీ అనకపోవడాన్నే యేసు అడిగాడు, వాళ్ళెక్కడ అని.

తిట్టు ఎవరి ఏడుపుతో తయారైంది?

కుష్టు అన్న మాట వచ్చింది కాబట్టి మన పక్క ఊరి సంగతి చెప్పుకుందాం. కామారెడ్డి నుంచి నిజామాబాద్ పోతుంటే దారిలో డిచ్‌పల్లి వస్తుంది. 1915లో అక్కడ కుష్టు రోగుల కోసం ఆసుపత్రి మొదలైంది. స్కాట్లాండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ దాన్ని నడిపారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత డబ్బు ఇచ్చి నిలబెట్టాడు. ఊళ్ళవాళ్ళు దగ్గరికి రానివ్వని మనుషుల పుళ్ళు కడిగి, మందు వేసి, వాళ్ళను పేరుతో పిలిచే చోటు మన జిల్లాల మధ్యలోనే వెలిసింది. ఇప్పుడు ఆ జబ్బు మందులతో నయమైపోతుంది. ఆ మాట మాత్రం మన నోళ్ళల్లో నయం కాలేదు. కోపమొస్తే "కుష్టుదానా" అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అందులో చర్చి మెట్లు ఎక్కేవాళ్ళూ ఉన్నారు.

మన వైపు తిట్లు ఒక్కసారి వరసగా పెట్టి చూడండి అక్కా. "ముండ" అంటే మొగుడు పోయిన మనిషి. "గొడ్రాలు" అంటే కడుపు పండని మనిషి. "కుష్టుది" అంటే జబ్బు చేసిన మనిషి. "పీనుగ", "దరిద్రపుది", "శని"... వీటిల్లో మనిషి చేసిన తప్పు పేరు ఎక్కడైనా ఉందా? దొంగతనం లేదు, అబద్ధం లేదు, మోసం లేదు. ఉన్నదంతా కష్టమే. అది కూడా ఎక్కువగా ఆడవాళ్ళ కష్టం. ఒకామె కన్నీళ్ళను తీసుకుని ఇంకొకామె మీద విసిరే రాయి చేశాం. "నేను బూతులు మాట్లాడనమ్మా" అని మనం గొప్పగా చెప్పుకుంటాం. బూతు అంటే బస్టాండులో మగవాళ్ళు మాట్లాడుకునేది అనుకుంటాం. మన వాకిట్లో పిల్లల మీద, కోడళ్ళ మీద పడేది ఏమిటి మరి?

మన గుడుల్లో ముందు వరస చాపల మీద ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. భర్త పోయినవాళ్ళే ఎక్కువ. వాళ్ళు వింటుండగా ఆ తిట్టు మన నోట్లోంచి వస్తే, అది ఎవరి మీద విసిరినా వాళ్ళకే తగులుతుంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం చివరి రెండు వచనాలు తీసి చూడండి. నాలుకకు కళ్ళెం వేయనివాడి భక్తి వ్యర్థమని 26వ వచనం. దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వాళ్ళ కష్టంలో ఆదుకోవడమే నిజమైన భక్తి అని 27వ వచనం. ఆ రెండింటినీ పక్కపక్కన ఊరికే పెట్టలేదు.

ప్రార్థన మనవి అనే ముసుగు

తిట్లు పైకి కనబడే కుళ్ళు. మన కూడికల్లో ఇంకో రకం ఉంది, దానికి సెంటు కొట్టి తెస్తాం.

"అక్కా, ఫలానా ఆమె కోసం ప్రార్థన చేయండి, వాళ్ళ బిడ్డ సంగతి మీకు తెలుసు గదా..." తెలియనివాళ్ళకు కూడా అక్కడే తెలిసిపోతుంది. మోకాళ్ళ మీదికి పోకముందే ఆ పిల్ల పేరు నాలుగు వాడలు తిరుగుతుంది. వాట్సాప్ గ్రూపుల్లో అయితే చేతులు జోడించే బొమ్మ పెట్టి మరీ పంపిస్తారు. ఒకరి గుట్టును దేవుడి పేరు మీద బజారుకు పెట్టడాన్ని ప్రార్థన మనవి అంటున్నాం. నిజంగా ప్రార్థన కావాలంటే పేరు చెప్పకుండా చేయలేమా? దేవుడికి ఇంటి నంబరు కావాలా?

సాక్ష్యాల సంగతి కూడా అంతే. "మమ్మల్ని చూసి ఓర్వలేనివాళ్ళు ఎంతమంది ఉన్నా దేవుడు మాకు రెండంతస్తుల ఇల్లు కట్టించాడు" అని ఒకామె నిలబడి చెబుతుంది. ఆ ఓర్వలేనివాళ్ళు ఎవరో గుడి మొత్తానికి తెలుసు. వాళ్ళ యారాలు మూడో వరసలో కూర్చుని ఉంటుంది. కృతజ్ఞత అనే డబ్బాలో పెట్టి సూది గుచ్చారు. ఆ యారాలు ఎదురు చెప్పలేదు, ఎందుకంటే చెబితే దేవుడి మహిమకు అడ్డం పడినట్టవుతుంది.

సరసం గురించి కూడా ఒక మాట. పౌలు నవ్వు వద్దన్నాడని కొందరు మొహం గంటు పెట్టుకుని తిరుగుతారు. ఆయన వద్దన్నది మనిషిని తగ్గించే వెకిలితనాన్ని. పెళ్ళిచూపులకు వచ్చిన పిల్లను "ఫొటోలో తెల్లగుంది, ఇక్కడ లైటు ఎయ్యాలె" అని నవ్వడం, లావుగా ఉన్న కోడలిని "బియ్యం మూట" అనడం, మాట్లాడేటప్పుడు నత్తి వచ్చే పిల్లాడిని అనుకరించడం. తరవాత "ఊకె నవ్వులాటకన్నా" అంటాం. ఆ నవ్వులాటలో ఎవరు నవ్వలేదో చూడండి, కుళ్ళు ఎక్కడుందో దొరుకుతుంది. గ్రీకులో ఆ వెకిలి చమత్కారానికి యూట్రపేలియా అనీ, దాని బదులు పెట్టమన్న కృతజ్ఞతకు యూకరిస్టియా అనీ వాడారు. చెవికి దగ్గరగా వినబడే రెండు మాటలు. ప్రభువు బల్లకు కొన్ని సంఘాల్లో ఉన్న పేరు ఆ రెండో మాటే. ఆ బల్ల దగ్గర చెయ్యి చాపి రొట్టె తీసుకునే మనం, ఇంట్లో రొట్టె చేసి పెట్టే చేతిని ఎగతాళి చేస్తున్నాం.

నాలుక ప్రసంగం ఆడవాళ్ళకేనా?

ఇంతవరకూ మన గురించి మనం మాట్లాడుకున్నాం. ఇప్పుడు అయ్యగార్లకూ పెద్దలకూ ఒక మాట.

ఎఫెసీ పత్రిక సంఘం మొత్తానికి రాసింది. దుర్భాష వచనంలో "స్త్రీలారా" అన్న పిలుపు లేదు. అయినా ఆ వాక్యం స్త్రీల కూడికకే ఎందుకు వస్తుంది? సాయంత్రం పని నుంచి వచ్చి, చెప్పు విడవకముందే తల్లిని కలిపి తిట్టే మగవాళ్ళు ఆదివారం కానుక పళ్ళెం పట్టుకుని తిరగడం లేదా? వాళ్ళకు ఈ వచనం ఎప్పుడు చదువుతారు? అమ్మను కలిపి తిట్టే తిట్టు, అక్కను కలిపి తిట్టే తిట్టు, ఇవన్నీ ఇద్దరు మగవాళ్ళ కొట్లాటలో ఆడదాన్ని మధ్యకు లాగేవే. మదర్స్ డే నాడు మాకు పువ్వులు ఇవ్వకపోయినా ఫరవాలేదు, ఆ తిట్ల మీద ఒక్క ప్రసంగం చేయండి.

యాకోబు 3వ అధ్యాయం నాలుకకు పెట్టింది పేరు. చిన్న నిప్పు పెద్ద అడవిని కాల్చడం, ఒకే నోట దీవెనా శాపమూ రావడం అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ అధ్యాయం మొదటి వచనం ఎవరిని హెచ్చరిస్తుందో చూశారా? బోధించేవాళ్ళను. వాళ్ళకు తీర్పు ఎక్కువని చెప్పి, అప్పుడు నాలుక సంగతి ఎత్తుకుంటుంది. ఆ మొదటి వచనాన్ని దాటేసి చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ దగ్గర ప్రసంగం మొదలుపెట్టడం న్యాయం కాదు.

"స్తుతించమ్మా" అని నోరు నొక్కడం

నన్ను అన్నిటికంటే మండించే విషయానికి వస్తున్నాను.

ఇంట్లో దెబ్బలు తింటున్న ఒకామె ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని వస్తుంది. "అన్నిటిలో స్తుతించు తల్లీ, సణగకూడదు" అని పంపేస్తారు. వీపు మీద వాత ఉన్న మనిషికి కృతజ్ఞత పాఠం చెప్పడం ఏ సువార్త? ఆమె చెప్పింది దుర్భాష కాదు, నిజం. అదే ఎఫెసీ 4వ అధ్యాయంలో దుర్భాష వచనానికి నాలుగు వచనాల ముందే, అబద్ధం మాని పొరుగువాడితో నిజం మాట్లాడమని ఉంది. మరుసటి వచనం కోపం రావడాన్ని తప్పనలేదు, ఆ కోపంలో పాపం చేయవద్దంది. నిజం చెప్పడం, కోపగించడం, కృతజ్ఞత చెప్పడం, మూడూ ఒకే పత్రికలో ఒకే సంఘానికి రాశారు. మనం మూడోదాన్ని తీసుకుని మొదటి రెండింటి నోట్లో గుడ్డ కుక్కుతున్నాం.

హన్నాను గుర్తు చేసుకోండి. పిల్లలు లేరని ఆమె సవతి పెనిన్నా ఏటేటా గుచ్చి గుచ్చి ఏడిపించింది. ఇందాక చెప్పుకున్న "గొడ్రాలు" తిట్టు ఎంత పాతదో చూడండి. హన్నా గుడిలో పెదవులు కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడు ఏలీ ఏమన్నాడు? తాగి వచ్చావన్నాడు. హన్నా నోరు మూసుకుని ఇంటికి పోయిందా? నేను తాగలేదయ్యా, నా గుండెలో ఉన్నది దేవుడి ముందు కుమ్మరిస్తున్నాను అని అంత పెద్దాయనకు మర్యాదగా, నిలబడి జవాబు చెప్పింది. ఆయన తన మాట మార్చుకుని దీవించాడు. హన్నా కృతజ్ఞత పాట దాని తరువాతి అధ్యాయంలో వస్తుంది. బాధ చెప్పుకోవడం ముందు, కృతజ్ఞత తరవాత. మొదటిదాన్ని కొట్టేసి రెండోదాన్ని అడిగితే వచ్చేది నటన.

అందుకే కూడికల్లో పెద్దరికం ఉన్న అక్కలకు చెబుతున్నాను. కొడుతున్నారని ఎవరైనా చెప్పుకుంటే ముందు వినండి. గృహహింస నుంచి ఆడవాళ్ళను కాపాడడానికి 2005లో చట్టం వచ్చింది. 181కి ఫోన్ చేస్తే మహిళల హెల్ప్‌లైన్ పలుకుతుంది. జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి. వాక్యం చెప్పిన నోటితోనే ఆ నంబరు కూడా చెప్పండి. ఆ సమయానికి అవసరమైన మాట, మనిషిని నిలబెట్టే మాట అని 29వ వచనం అడిగింది అదే.

మనకు థ్యాంక్స్ చెప్పే అలవాటు లేదా?

ఇక్కడ ఒక మాట తప్పకుండా వస్తుంది. "ఇంట్లో వాళ్ళకు థ్యాంక్స్ ఏందమ్మా, మనం ఇంగ్లీషోళ్ళమా? ధన్యవాదాలు అంటే నాటకంల డైలాగ్ లెక్క ఉంటది." నిజమే, మన ఇళ్ళల్లో ధన్యవాదాలు అనే మాట నాలుక మీద తిరగదు. అంతమాత్రాన మనకు కృతజ్ఞత మాట లేదనడం పచ్చి అబద్ధం.

మన అవ్వలు ఏమనేవాళ్ళు? గ్లాసెడు మంచినీళ్ళు ఇస్తే "సల్లగుండు బిడ్డా" అనేవాళ్ళు. పురుడు పోసిన మనిషిని "నీ కడుపు సల్లగుండ" అనేవాళ్ళు. బస్సులో సీటు ఇచ్చిన పిల్లగాడిని "నీకు పుణ్యముంటది కొడుకా" అనేవాళ్ళు. ఎల్లారెడ్డి బస్సులో ఇప్పటికీ ఈ మాటలు వినబడతాయి, ఎక్కువగా ముసలివాళ్ళ నోట. చూడండి, "నోట్ల మన్నువడ" అనే తిట్టూ, "కడుపు సల్లగుండ" అనే దీవెనా ఒకే అచ్చులో పోసిన మాటలు. ఇద్దరు అక్కచెల్లెళ్ళ లాంటివి. మనం ఒక చెల్లెలిని ఇంట్లో ఉంచుకుని ఇంకొకదాన్ని వెళ్ళగొట్టాం. కృతజ్ఞత కోసం ఇంగ్లీషు నేర్చుకోనక్కర్లేదు, వెళ్ళగొట్టినదాన్ని మళ్ళీ ఇంట్లోకి పిలుచుకుంటే చాలు.

గుడి బయట మనం "వందనాలక్కా" అని పలకరించుకుంటాం. ఎంత మంచి మాట! కానీ ఆ మాట గేటు దగ్గరే ఆగిపోతుంది. బయటి అక్కకు వందనాలు, ఇంట్లో అత్తమ్మకు మూతి విరుపు. బయటి చెల్లికి వందనాలు, ఇంట్లో కోడలికి "గింత ఉప్పు ఏసినవేంది".

పేరు, పని, ఆ పూట

కృతజ్ఞత మాటకు మూడు ఉండాలని నా అభిప్రాయం. మనిషి పేరు ఉండాలి. ఆమె చేసిన పని ఉండాలి. ఆ పూటే చెప్పాలి.

పేరు ఎందుకంటే, మెదక్ చర్చి సంగతి చూడండి. కామారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి క్రిస్మస్‌కు బస్సులు కట్టుకుని పోతాం. 1924 డిసెంబర్ 25న దాన్ని ప్రతిష్ఠించారు. కరువు రోజుల్లో జనానికి పని కల్పించి, తిండి పెట్టి కట్టించాడని చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరను నేటికీ పేరుతో తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. ఆ రాళ్ళు మోసినవాళ్ళలో ఒక్కరి పేరైనా మనకు తెలుసా? "అందరికీ వందనాలు" అన్న మాటలో వాళ్ళు కలిసిపోయారు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళ పనికి కూడా ఇదే గతి పడుతోంది. కట్టించినవాళ్ళ పేరు నిలుస్తుంది, మోసినవాళ్ళ పేరు పోతుంది.

కోతపండుగ నాడు వడ్లూ గుమ్మడికాయలూ కోళ్ళూ తెచ్చి గుడిలో పెట్టి దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాం. ఎంతో అందమైన పండుగ. ఆ వడ్ల కోసం బురదలో నడుము వంచి నాట్లు వేసిన ఆడకూలీల పేర్లు ఆ రోజు ఎవరైనా పలుకుతున్నారా? వాళ్ళలో కొందరు అదే గుడిలో వెనక కూర్చుని ఉంటారు. పంట ఇచ్చింది దేవుడే, కాదనను. ఎవరి చేతులతో ఇచ్చాడో ఆ చేతులు అక్కడే ఉన్నాయి గదా!

పని ఎందుకు చెప్పాలంటే, "నువ్వు చాలా మంచిదానివి" అన్న మాట ఎవరికైనా అతుకుతుంది. "ఇయ్యాల వెయ్యి బీడీలు చుట్టి కూడా నా మందులు మర్చిపోకుండ ఇచ్చినవ్" అన్న మాట ఒక్క కోడలికే అతుకుతుంది. మన వైపు ఎన్ని ఇళ్ళల్లో చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, పిల్లల ఫీజులు కట్టే ఆడవాళ్ళు ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళ వేళ్ళకూ మెడకూ వచ్చే నొప్పి అందరికీ తెలుసు. తెలుసని వాళ్ళకు చెప్పేవాళ్ళే తక్కువ.

గల్ఫ్‌కు పోయిన మగవాళ్ళ ఇళ్ళు కూడా మన చుట్టూ చాలా ఉన్నాయి. రాత్రి వీడియో కాల్ పది నిమిషాలు. అటు నుంచి "పైసలు ఏం జేసినవ్", ఇటు నుంచి "నువ్వక్కడ సుఖంగ ఉన్నవ్, నాకే అన్ని బాధలు." లెక్కలు అడగాలి, బాధలు చెప్పుకోవాలి, తప్పు లేదు. ఆ పది నిమిషాల్లో ఒక్క నిమిషం, "ఎండల నిలబడి పంపినవ్, పిల్లగాని ఫీజు కట్టినం" అని ఇటు నుంచీ, "ఒక్కదానివే ఇల్లంత మోస్తున్నవ్, నేను మరవలె" అని అటు నుంచీ పోతే ఆ ఫోన్ పెట్టేశాక ఇద్దరికీ నిద్ర పడుతుంది.

ఆ పూటే ఎందుకంటే, మనం మంచి మాటలన్నీ దాచిపెట్టి సంస్మరణ కూడిక నాడు చెప్పడంలో ఆరితేరిపోయాం. "ఆమె చేతి వంట అమృతం, ఆమె లాంటి కోడలు ఈ సంఘంలోనే లేదు" అని పెట్టె పక్కన నిలబడి ఏడుస్తాం. పెట్టెలో ఉన్నామెకు వినబడదు. ఆ మాటలన్నీ ఆమె బతికుండగా ఒక మంగళవారం పూట పడి ఉంటే ఎంత బాగుండేది!

అత్తమ్మలకు ఒకటి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇంట్లో మాటకు దారి వేసేది మీరే. కూరలో ఉప్పు ఎక్కువైన రోజు మీ దగ్గర రెండు మాటలు ఉంటాయి. మొదటిది నోటి చివరనే ఉంటుంది, దాన్ని మీకు కూడా ఎవరో ఒకప్పుడు అన్నారు. దాన్ని మింగి ఊరుకోమని నేను చెప్పడం లేదు. "ఉప్పు జర ఎక్కువైంది బిడ్డా, రేపు చూసి ఎయ్యి" అని నిజం చెప్పండి. దాని పక్కనే, "పొద్దుగాల నుంచి నువ్వు కూసున్నది నేను చూడలె, వచ్చి తిను" అనండి. ఆ కోడలు ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింటుంది. రేపు తన పిల్లలతో ఏ మాట మాట్లాడాలో కూడా అక్కడే నేర్చుకుంటుంది.